పది నిమిషాలు బాగా నడిచి కింది సిలిండర్ పడుకుంటోంది: పాత అవుట్‌బోర్డ్ మోటారు, కాయిల్ మార్చాలా?

చెక్కపడవ:

అందరికీ నమస్కారం. నేను వడ్రంగిని. చెక్క ఎక్కడ పగలబోతుందో చేత్తో తడిమి చెప్పగలను. కరెంటుతో మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ పడదు. కనపడదు, వినపడదు, తప్పు చేస్తే మాత్రం కొడుతుంది. అందుకే ముందే చెప్తున్నా, నా ప్రశ్నలో తెలివితక్కువ ఏదైనా ఉంటే నవ్వుకుని జవాబివ్వండి.

మోటారు మా మామయ్య కొట్టంలో పాత టార్పాలిన్ కింద పదేళ్లు పడున్నది. 1970ల నాటి టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, తాడు లాగి స్టార్ట్ చేసేది. బ్యాటరీ లేదు. ఫ్లైవీల్ (షాఫ్ట్ మీద తిరిగే బరువైన చక్రం) కింద మాగ్నెటో, అంటే బ్యాటరీ లేకుండా స్పార్క్‌కి కరెంటు పుట్టించేది. అందులో రెండు పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ వేళ నిర్ణయించే చిన్న స్విచ్చులు), రెండు కండెన్సర్లు (పాయింట్ల మధ్య నిప్పు ఎగరకుండా ఆపేవి), రెండు కాయిళ్లు (ప్లగ్గుకి వేల వోల్టులు ఇచ్చేవి). పై సిలిండర్ సంసారం పైదానిది, కిందిదాని సంసారం కిందిదానిది. పడవ నేనే కట్టుకున్నది కాబట్టి దాని గురించి చెప్పమంటే ఇంకో పది పేజీలు రాస్తాను, వద్దులెండి.

రోగం ఇదీ. పొద్దున రెండో లాగుకే స్టార్ట్ అవుతుంది. మొదటి పది పదిహేను నిమిషాలు శబ్దం ఎంత బాగుంటుందంటే, కొత్త మోటారు ఎందుకు కొంటారో జనం అనిపిస్తుంది. ఆ తర్వాత వేగం పెంచగానే ఉన్నట్టుండి సగం బలం పోతుంది. శబ్దం గరగరమని మారిపోతుంది, పడవ ముక్కు దించేస్తుంది. థ్రాటిల్ తగ్గించి ఓ పది నిమిషాలు మెల్లగా పోనిస్తే మళ్లీ రెండు సిలిండర్లూ పలుకుతాయి. అంటే వేడెక్కితే పోతోంది, చల్లారితే వస్తోంది అని నా లెక్క.

రోగం వచ్చినప్పుడు ఆపి ప్లగ్గులు విప్పితే పైది మంచి గోధుమరంగులో ఉంది, కిందిది పెట్రోలుతో తడిసి ముద్దయింది.

ఇప్పటిదాకా చేసినవి: ప్లగ్గులు రెండూ కొత్తవి వేశాను. పాత పెట్రోలు పారబోసి కొత్తది, నూనె పుస్తకంలో చెప్పిన పాళ్లలోనే కలిపాను. కార్బ్యురేటర్ విప్పి కడిగాను. ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయనా కార్బ్యురేటరే మళ్లీ కడిగి, డబ్బు తీసుకుని, "నీళ్ల మీద మీకు అలా అనిపిస్తోంది అంతే" అని పంపించారు. కిల్ స్విచ్ (మోటారుని ఆపే బటన్) తీగ బయట ఉన్న జోడింపు దగ్గర ఊడదీసి కూడా నడిపాను, తేడా లేదు. కొట్టంలో ప్లగ్గు బయటపెట్టి తాడు లాగితే రెండింటికీ నీలంగా, టకటకా స్పార్క్ వస్తోంది.

కింది కాయిల్ వేడికి చచ్చిపోతోందని నాకు అనిపిస్తోంది. కొనేయమంటారా?

తుప్పు:

నూటికి తొంభై సార్లు పెట్రోలే బ్రదర్. ట్యాంకు మూత మీద గాలి మర తెరిచారా? బలం పోయిన క్షణంలో ట్యూబు మీదున్న ప్రైమర్ బల్బు నొక్కి చూడండి. నొక్కగానే మోటారు మళ్లీ లేస్తే పంపు గానీ ట్యూబు గానీ తేడా చేస్తున్నట్టు. కాయిల్ జోలికి వెళ్లకండి.

పాత ఇనుము:

తుప్పు గారూ, బల్బు నొక్కి చూడడం మంచి మాటే, ఎవరైనా ముందు చేయాల్సిందే. కానీ ఆయన కింది ప్లగ్గు తడిసి ముద్దయిందని రాశారు. పెట్రోలు అందుతోంది, మండడం లేదు. పైగా ఒకే కార్బ్యురేటర్ రెండు సిలిండర్లకూ పెడుతుంటే ఒకదానికే ఆకలి వేయదు.

చెక్కపడవ గారూ, మీరు కొట్టంలో చూసిన నీలం స్పార్క్‌ని నమ్మకండి. ప్లగ్గు గ్యాప్ ముప్పాతిక మిల్లీమీటరు. బయట గాలిలో అంత సందు దాటడానికి నీరసంగా ఉన్న కాయిల్ కూడా సరిపోతుంది. సిలిండర్‌లో గాలి నొక్కుకుని ఉంటుంది, అక్కడ అదే సందు దాటడానికి కొన్ని రెట్ల వోల్టేజీ కావాలి. అందుకే పాయింట్ల మాగ్నెటోని ప్లగ్గుతో చూడకూడదు. 6 మి.మీ. సందుతో టెస్టర్ పెట్టి చూడాలి. చెక్కముక్క మీద రెండు మేకులు కొట్టి మీరే చేసుకోవచ్చు, మీకు చెప్పాలా! ఒక మేకుకి ప్లగ్గు తీగ, రెండోదాని నుంచి ఇంజన్ బాడీకి ఎర్త్. ప్లగ్గులు రెండూ విప్పేసి, రెండో తీగని కూడా ఎర్త్ చేసి, గట్టిగా తాడు లాగండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, టెస్టర్‌ని వాటికి దూరంగా పెట్టండి. ఇది మరిచిపోయి కనుబొమలు పోగొట్టుకున్నవాడిని నేను.

6 మి.మీ. సందులో కూడా రెండింటికీ టపటపా దూకితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇక కాయిల్ సంగతి. వేడెక్కితే చచ్చే కాయిళ్లు ఉన్నాయి. ఆ కాలపు కాయిళ్ల పైపూత ఎండి చీలిపోతుంది, ఆ చీలికల్లోంచి కరెంటు పారిపోతుంది. ఫ్లైవీల్ తీయగానే కళ్లకే కనపడుతుంది. మల్టీమీటర్ పెట్టి "ఓమ్‌లు బాగానే ఉన్నాయి" అని సంతోషపడేవాళ్లను చాలామందిని చూశాను. మీటర్ పెట్టే వోల్టేజీ ఎంత, కాయిల్‌లో పుట్టేది ఎంత? తీగ తెగిందా లేదా అన్నది మీటర్ చెబుతుంది. పూత వేల వోల్టులను ఆపుతుందా లేదా అన్నది దానికి తెలియదు.

మీ దగ్గర రెండు కాయిళ్లు ఉన్నాయి కదా, కొత్తది కొనే ముందు పైది కిందికి, కిందిది పైకి మార్చండి. రోగం పై సిలిండర్‌కి పోతే కాయిలే దొంగ. కిందనే ఉండిపోతే కాయిల్ మంచిదే, డబ్బు మిగిలింది.

ఫ్లైవీల్ తీయడానికి పుల్లర్ వాడండి. ఫ్లైవీల్ మధ్యలో ఉన్న మర రంధ్రాల్లో బోల్టులు బిగించి లాగే రకం. అంచు పట్టుకుని లాగే గోళ్ల పుల్లర్ పెడితే ఫ్లైవీల్ వంకరపోతుంది. షాఫ్ట్ కొస మీద సుత్తితో కొట్టొద్దు. తీశాక ఫ్లైవీల్‌ని షాఫ్ట్ మీద జారకుండా పట్టే చిన్న కీ ఉంటుంది, అది సగం కోసుకుపోయి ఉంటే టైమింగ్ (స్పార్క్ పడే వేళ) జారి రెండు సిలిండర్లూ తిక్కగా నడుస్తాయి. మీ రోగం అది కాదు, అయినా కన్ను వేయండి.

చెక్కపడవ:

పాత ఇనుము గారూ, ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. ఆదివారం మొత్తం దీనికే పోయింది.

రెండు మేకుల టెస్టర్ చేశాను (టేకు చెక్క, పాలిష్ కూడా పెట్టాను, నవ్వకండి). 6 మి.మీ. సందులో రెండు సిలిండర్లకూ దూకింది. కిందిది కొంచెం పసుపు కలిసినట్టు అనిపించింది, కానీ ఒక్కటీ తప్పలేదు.

తర్వాత ఫ్లైవీల్ తీశాను. కీ కొత్తదానిలా ఉంది. కాయిళ్ల మీద చీలికల్లేవు. కింది పాయింట్ల మీద మాత్రం నూనె జిడ్డు, నల్లటి మసి. పైవి అంత పాడవలేదు. గ్యాప్ కొలిస్తే పైది 0.5 మి.మీ., కిందిది 0.4. మా పుస్తకంలో 0.020 అంగుళం అని ఉంది, అంటే 0.5 అన్నమాట. ఇసుక కాగితంతో రుద్ది, గ్యాప్ సరిచేసి, కాయిళ్లు అటూ ఇటూ మార్చి, బిగించి నీళ్లలోకి దిగాను.

అదే రోగం. అదే కింది సిలిండర్. కాయిల్ మంచిదే అని తేలింది. డబ్బు మిగిలింది, మోటారు మాత్రం బాగుపడలేదు. అసలు రోగం ఎక్కడుందో తెలియక నాకు టెన్షన్ పెరిగిపోతోంది.

నీటిబాట:

పక్కన ఒక మాట. ఇది చదువుతున్నవాళ్లలో కొంచెం కొత్త మోటార్లు, అంటే పాయింట్లు లేకుండా ఎలక్ట్రానిక్ పెట్టెతో స్పార్క్ ఇచ్చే సీడీఐ రకం ఉన్నవాళ్లు ఉంటే, పై లెక్కలు మీకు నేరుగా వర్తించవు. మీకు ఫ్లైవీల్ కింద స్టేటర్ (కరెంటు పుట్టించే చుట్టలు), ట్రిగ్గర్ (స్పార్క్ వేళ చెప్పేది), బయట పవర్ ప్యాక్ (ఆ ఎలక్ట్రానిక్ పెట్టె) ఉంటాయి. స్పార్క్ 11 మి.మీ. సందు దాటాలి. మామూలు మల్టీమీటర్‌తో ఆ వోల్టేజీ కొలవలేరు, ఎందుకంటే అది రెప్పపాటు కన్నా తక్కువసేపు వచ్చిపోయే కెరటం. దాని శిఖరాన్ని పట్టే అడాప్టర్ కావాలి. కిల్ స్విచ్ తీగకి పొరపాటున 12 వోల్టులు తగిలిస్తే పవర్ ప్యాక్ గోవిందా. కార్ల అలవాటు ఉన్నవాళ్లు "కరెంటు అందడం లేదేమో" అని బ్యాటరీ తగిలిస్తారు. ఇక్కడ కిల్ స్విచ్ కరెంటు ఇచ్చేది కాదు, ఎర్త్ చేసి చంపేది. పాయింట్ల మాగ్నెటోకి కూడా అంతే, బయటి బ్యాటరీ దగ్గరికి రానివ్వకండి.

చెక్కపడవ గారి రకానికి నా దగ్గర మందు లేదు. కండెన్సర్ మార్చి చూడండి అంటాను, అంతే.

పాత ఇనుము:

ఇసుక కాగితం వాడారా! దాని రేణువులు పాయింట్ల మీద గుచ్చుకుని ఉండిపోతాయి, అవి కరెంటుని ఆపుతాయి. సన్నటి ఆకురాయితో రెండు సార్లు గీసి, తర్వాత మందపాటి తెల్లకాగితాన్ని అసిటోన్‌లో ముంచి పాయింట్ల మధ్య పెట్టి, మూసి, లాగాలి. కాగితం మీద నల్లగీత రానంతవరకూ. ఆఖర్న పొడి కాగితం. జిడ్డు ఎక్కడిదంటే, షాఫ్ట్ పైన ఉండే ఆయిల్ సీల్ లీకయితే లోపలి పెట్రోలు నూనె ఆవిరి ఫ్లైవీల్ కిందికి వస్తుంది. కామ్ (షాఫ్ట్‌తో తిరుగుతూ పాయింట్లను తెరిచే భాగం) మీద ఎవరో గ్రీజు ఎక్కువ పూసినా చిమ్ముతుంది. తుడిచి, మళ్లీ పది గంటలు నడిచాక చూడండి. మళ్లీ జిడ్డు పడితే సీల్.

కండెన్సర్ నాకు నమ్మకం లేదు. కండెన్సర్ పోతే పాయింట్ల మధ్య నిప్పు ఎగిరి ఒకవైపు గుంట, ఒకవైపు బుడిపె వస్తాయి. మీరు జిడ్డు, మసి అన్నారు, గుంటలు అనలేదు. పైగా కండెన్సర్‌కి థ్రాటిల్ ఎంత తిప్పారో తెలియదు కదా.

ఇది రాస్తుంటేనే తట్టింది. మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. "పది పదిహేను నిమిషాలు బాగుంటుంది, ఆ తర్వాత వేగం పెంచగానే" అన్నారు. ఆ మొదటి పదిహేను నిమిషాలూ మీరు ఎంత వేగంలో వెళ్తారు? స్టార్ట్ చేసిన రెండో నిమిషంలో, చల్లగా ఉండగానే, ఎప్పుడైనా థ్రాటిల్ పూర్తిగా తిప్పి చూశారా?

చెక్కపడవ:

లేదు. మా ఒడ్డు దగ్గర లోతు తక్కువ, అడుగున రాళ్లు, మొద్దులు. ఓ పావుగంట మెల్లగానే వెళ్లాలి, తర్వాతే లోతు వస్తుంది. అక్కడే థ్రాటిల్ తిప్పుతాను. రోగం వచ్చాక థ్రాటిల్ తగ్గించి మెల్లగా వెనక్కి వస్తాను...

అయ్యో.

పాత ఇనుము:

మీరు గడియారం చూశారు, చెయ్యి చూసుకోలేదు. అది చల్లారి బాగుపడలేదు, మీరు తగ్గించారు కాబట్టి బాగుపడింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఈ రకం మోటార్లలో థ్రాటిల్ తిప్పితే కార్బ్యురేటర్ ఒక్కటే తెరుచుకోదు. ఫ్లైవీల్ కింద కాయిళ్లు, పాయింట్లు బిగించిన ప్లేటు మొత్తం షాఫ్ట్ చుట్టూ తిరుగుతుంది. వేగం పెరిగే కొద్దీ స్పార్క్ ముందుగా రావాలి కదా, అందుకు. ప్లేటుతోపాటు దాని మీద తీగలన్నీ కదులుతాయి. యాభై ఏళ్లుగా కదులుతున్న తీగ ఎక్కడో ఇంజన్ అంచుకి రాసుకుని పూత పోయి ఉంటే, ప్లేటు ఒక మూలకి తిరిగినప్పుడే ఎర్త్ అవుతుంది. ఎర్త్ అయితే ఆ సిలిండర్‌కి ఎవరో కిల్ బటన్ నొక్కినట్టే.

మీరు కిల్ స్విచ్ తీగ బయట ఊడదీసినా తేడా రాలేదు అన్నారు. రాదు. తీగ ప్లేటు కిందనే ఎర్త్ అవుతుంటే బయట ఊడదీసి ఏం లాభం? మీ రెండు మేకుల టెస్టర్ కూడా అందుకే పట్టుకోలేదు. తాడు లాగినప్పుడు థ్రాటిల్ స్టార్ట్ గుర్తు దగ్గరే ఉంది.

చేయాల్సింది: ఫ్లైవీల్ మళ్లీ తీయండి. కింది పాయింట్ల మర దగ్గర కాయిల్ నుంచి వచ్చే తీగని విడదీయండి. ఇది మరిచిపోతే మీటర్ ఎప్పుడూ కూస్తూనే ఉంటుంది, ఎందుకంటే కాయిల్ రెండో కొస ఎలాగూ ఎర్త్‌కే కలిసి ఉంటుంది. పాయింట్ల మధ్య కాగితం ముక్క పెట్టండి. కిల్ స్విచ్ తీగ బయట ఊడదీసే ఉంచండి. ఇప్పుడు మీటర్‌ని కూత మీద (రెండు ముళ్ల మధ్య కరెంటుకి దారి ఉంటే కూసే అమరిక) పెట్టి ఒక ముల్లు పాయింట్ల మరకి, ఇంకోటి ఇంజన్ బాడీకి. కూయకూడదు. చేత్తో ప్లేటుని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. ఎక్కడ కూస్తుందో అక్కడ ఆపి, ప్లేటు కిందికి టార్చి వేయండి.

తుప్పు:

ఇది నేను కూడా రాసిపెట్టుకుంటున్నా. పెట్రోలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఈ ఒక్కసారికి.

చెక్కపడవ:

మీటర్ కూసింది!

ప్లేటు మూడింట రెండు వంతులు తిరిగేదాకా నిశ్శబ్దం. ఆ తర్వాత కూత మొదలై చివరిదాకా ఆగలేదు. వెనక్కి తిప్పితే మళ్లీ మౌనం. ఇరవై సార్లు తిప్పి ఉంటాను, చిన్నపిల్లాడిలా. మా ఆవిడ బయటికొచ్చి ఏమిటా కూత అని అడిగింది.

ప్లేటు విప్పి తిరగేస్తే కనిపించింది. కింది పాయింట్ల నుంచి కిల్ స్విచ్‌కి వెళ్లే తీగ. అసలు తీగ కాదు అది. ఎవరో ఎప్పుడో ఇంటి వైరింగ్‌కి వాడే ఒంటి పోగు గట్టి తీగ వేశారు. అది వంగదు. ప్లేటు తిరిగినప్పుడల్లా మధ్యలో ఉబ్బి కింది అల్యూమినియం అంచుకి రాసుకుంటోంది. పూత గోరంత మేర పోయింది, రాగి మెరుస్తోంది. అంచు మీద కూడా సన్నటి గాడి పడింది. చెక్కలో అయితే ఆ గాడి చూసి ఇక్కడేదో రాసుకుంటోందని ఒక్క నిమిషంలో చెప్పేవాడిని. లోహం కాబట్టి మొదటిసారి ఫ్లైవీల్ తీసినప్పుడు దాని మీదనే చెయ్యి ఆనించి కూడా చూడలేదు.

సన్నటి పోగులున్న మెత్తటి తీగ వేశాను, వేడి చేస్తే బిగిసే గొట్టం తొడిగాను, పాత క్లిప్పు సరిగ్గా వంచి తీగని ప్లేటుకి పట్టించాను. పాయింట్లు మీరు చెప్పినట్టు కాగితంతో శుభ్రం చేశాను, నాలుగో కాగితానికి నల్లగీత ఆగింది. రెండు గ్యాప్‌లూ 0.5, కామ్ ఎత్తు మీద ఉండగా కొలిచాను. ప్లేటు అటూ ఇటూ తిప్పితే మీటర్ మూగదైపోయింది. కాయిల్ తీగలు మళ్లీ కలిపి, షాఫ్ట్ శంకువు, ఫ్లైవీల్ రంధ్రం స్పిరిట్‌తో తుడిచి పొడిగా బిగించాను.

ఈ పొద్దున లోతు వచ్చేదాకా ఆగలేకపోయాను. పడవని వెదురు గెడతో తోసుకుంటూ లోతులోకి తీసుకెళ్లి, అక్కడ తాడు లాగి, నీళ్లు చల్లగా చిమ్ముతున్నాయో లేదో ఒక్క నిమిషం చూసి థ్రాటిల్ పూర్తిగా తిప్పాను. ముక్కు లేచింది. అరగంట అలాగే వెళ్లాను. ప్లగ్గులు విప్పితే రెండూ ఒకే గోధుమరంగు.

ఒక్క ప్రశ్న మిగిలింది. పాయింట్ల మీద జిడ్డుకి ఆయిల్ సీల్ ఇప్పుడే మార్చాలా?

పాత ఇనుము:

ఇప్పుడే వద్దు. పది గంటలు నడిచాక చూసి నిర్ణయించండి. ఫ్లైవీల్ నట్ మాత్రం మొదటి గంట నడిచాక మళ్లీ ఒకసారి పుస్తకంలో ఉన్న టార్క్‌కి బిగించి చూడండి, అది వదులైతే కీ కోసుకుపోతుంది.

చెక్కపడవ:

చూశాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.